మూడో నంబరు బస్సు డ్రైవరు

ఏడేళ్లుగా ఒక మనిషి పేరు ఎక్కడ వినబడినా నా చేతులు చల్లబడతాయి. లచ్చయ్య. మా వైపు ప్రతి ఊళ్లోనూ ఒక లచ్చయ్య ఉంటాడు కాబట్టి ఇది నెలకు రెండుసార్లయినా జరుగుతుంది. కూరగాయల అంగట్లో ఎవరో ఎవరినో పిలుస్తారు, నేను సంచి పట్టుకుని అలాగే నిలబడిపోతాను. మా ఆయన బీపీ చూపించుకొమ్మంటాడు. చూపించుకున్నాను. బీపీ బాగానే ఉంది.

ఈ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయడం లేదు. అదీ పిరికితనమే. తెలుసు.

అప్పుడు మేం కోరుట్లలో ఉండేవాళ్లం. ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. బస్సుల బాధ్యత కూడా నాకే అప్పగించారు. నాలుగు బస్సులు, నలుగురు డ్రైవర్లు. ఏ పిల్ల ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, అన్నీ నేనే చూసేదాన్ని. దానికి బదులుగా నా ఇద్దరు పిల్లలకు ఆ బడిలోనే ఫీజు మాఫీ. మా ఆయన బట్టల దుకాణం అంతకు ముందు ఏడాదే మూతపడింది. ఈ మాట సాకుగా చెబుతున్నానా? అవును, కొంచెం సాకుగానే చెబుతున్నాను. కానీ అది నిజం కూడా.

బడి నాలుగింటికి వదులుతారు. బస్సులు మూడున్నరకే వచ్చి గేటు ముందు సందులో వరుసగా నిలబడేవి. ఇంజన్లు ఆపేవాళ్లు కాదు. అరగంట సేపు నాలుగు బస్సులూ గురగురలాడుతూనే ఉండేవి. వాటి వెనక ఆటోలు, పిల్లల కోసం వచ్చిన బండ్లు. ఆ సందు ఇరుకు. పొగ పైకి పోయేది కాదు, ఎదురిళ్లలోకి పోయేది.

ఎదురింట్లో రజియా ఉండేది. మిషన్ కుట్టేది. వాకిలి తెరిస్తే సందే. రోజూ ఆ వేళకు ఒక పాత దుప్పటి తడిపి వాకిలికి వేలాడదీసేది. అయినా తెల్లటి లైనింగు బట్ట మీద నల్లటి నలకలు పడేవట. ఆమె కూతురు ఆయేషాకు ఏడేళ్లు. దమ్ము జబ్బు, అంటే ఆస్తమా. ఆ పిల్ల మా బడిలో చదవదు, సర్కారు ఉర్దూ బడిలో చదివేది. అందుకే రజియా మూడుసార్లు వచ్చి మొరపెట్టుకున్నా మా కరస్పాండెంట్ సార్ ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

ఇంజన్లు ఎందుకు ఆపేవాళ్లు కాదో చెప్పాలి. బ్యాటరీలు పాతవి. ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టు అవుతాయో లేదో నమ్మకం లేదు. తల్లిదండ్రుల కళ్లెదుట బస్సును తోయాల్సి వస్తే పరువు పోతుందని, వచ్చే ఏడాది ఎవరూ పిల్లలను చేర్చరని సార్ భయం. "ఎవ్వలూ బంద్ చేయొద్దని చెప్పుండ్రి మేడం" అన్నాడు. చెప్పాను. నలుగురికీ నేనే చెప్పాను.

మూడో నంబరు బస్సు లచ్చయ్యది. మల్లాపూర్ వైపు పోయే బస్సు. వాళ్లది కల్లు గీయడానికి తాళ్లెక్కే కుటుంబం. ఆయనా కొన్నాళ్లు ఎక్కాడు, ఒకసారి జారిపడి కాలు దెబ్బతిన్నాక డ్రైవింగు నేర్చుకున్నాడు. కొంచెం కుంటేవాడు. మాట తక్కువ. ఆయన బిడ్డ జగిత్యాలలో నర్సింగు చదివేది. ఆమె తెల్ల బట్టల్లో దిగిన ఫోటో బస్సులో అద్దం పక్కన అంటించుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం రజియా ఇంట్లో లేదు, కుట్టిన బట్టలు ఇవ్వడానికి పోయింది. ఆయేషా గడపలో కూర్చుని దగ్గుతోంది. ఆ గడపకు ఎదురుగా ఉన్నది మూడో నంబరు బస్సే. లచ్చయ్య ఇంజన్ ఆపేశాడు. నాలుగింటికి పిల్లలంతా ఎక్కాక బస్సు స్టార్టు కాలేదు. ఆటోవాళ్లూ, ఇద్దరు ముగ్గురు తండ్రులూ కలిసి తోశారు. ఎవరో ఫోన్లో తీశారు. ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచి అరిచాడు. మర్నాడు పొద్దున నేను లచ్చయ్యను పిలిచి అరిచాను.

"గా పిల్ల దగ్గుతుంటే సూస్కుంట ఎట్ల కూసుందు మేడం?" అన్నాడు.

"ఇంకోసారి బంద్ చేస్తే నీ నౌకరి ఉండదు" అన్నాను.

ఆ మాట అన్నది నేను. సార్ కాదు.

తర్వాత నెలరోజుల్లో రజియా ఊరుకోలేదు. రోజూ మూడున్నరకు గేటు దగ్గర నిలబడేది. పిల్లల కోసం వచ్చిన ఒక్కొక్క తల్లితో, ఒక్కొక్క తండ్రితో మాట్లాడేది. "మీ పిల్లలు గూడ గిదే పొగ పీలుస్తుండ్రు కదా అక్కా" అనేది. అట్ట ముక్క మీద ఆయేషా చేత తెలుగులో, ఉర్దూలో రాయించింది, ఇంజన్ బంద్ చేయుండ్రి అని. ముందు నవ్వారు. తర్వాత ఒక ఆటో ఆయన ఆపాడు. తర్వాత బండ్లవాళ్లు ఆపారు. చెరుకురసం బండి ఆయన, వచ్చిన ప్రతివాడికీ తానే చెప్పడం మొదలుపెట్టాడు. చివరికి సందులో ఇంజన్లు నడిచేవి మా నాలుగు బస్సులవే. అప్పుడిక అందరి చూపూ మా మీద పడింది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెప్పాలి. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ వేరు. తల్లిదండ్రుల సమావేశంలో భయపడి నోరు జారాను, ఆలోచించకుండా ఒక మాట వచ్చేసింది, అంతే అని. ఆ కథతోనే చాలా రాత్రులు నిద్రపోయాను. అది అబద్ధం.

ఆ సమావేశం రోజు మధ్యాహ్నం రెండింటికి నేను డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. "బయట ఎవ్వలేమన్నా సరే, ఇయ్యాల గూడ ఇంజన్లు బంద్ చేయకుండ్రి" అని. అరగంట తర్వాత ఆఫీసు గుమాస్తా వచ్చి, తల్లిదండ్రులు, రజియా, వార్డు కౌన్సిలరు కలిసి ఐదున్నరకు మాట్లాడడానికి వస్తున్నారని చెప్పాడు. నేను ఫోన్ తీసి ఆ మెసేజ్ అందరి ఫోన్లలోంచీ తీసేశాను. మెసేజ్ తీసేసినట్టు గుర్తు మాత్రం మిగిలింది. నలుగురూ అప్పటికే విన్నారు. నలుగురూ ఆ గుర్తు కూడా చూసి ఉంటారు.

భయంతో నోరు జారేవాళ్లు మూడు గంటల ముందే మెసేజ్ తీసేస్తారా?

సమావేశం బడి వరండాలో జరిగింది. ముప్పై మంది దాకా ఉన్నారు. రజియా ఆయేషాను వెంటబెట్టుకుని వచ్చింది. కౌన్సిలరు కొంచెం గట్టిగానే మాట్లాడాడు. సార్ నా వైపు తిరిగి, "మేడం, మనం డ్రైవర్లకు చెప్పినమా లేదా?" అని అడిగాడు. అడిగిన తీరులోనే జవాబు ఉంది.

"చెప్పినం సార్. ఎన్నోసార్లు చెప్పిన. వాళ్లే ఇంటలేరు."

"ఎవరు ఇంటలేరు?" అన్నాడు కౌన్సిలరు.

"మూడో నంబరు బస్సు. ఆయనను చూసి మిగతోళ్లు గూడ బంద్ చేస్తలేరు" అన్నాను.

ఎందుకు ఆయన పేరే? బస్సు తోసిన రోజు నుంచి సార్‌కు ఆయన మీద కోపం ఉంది, ఆ పేరు చెబితే కాదనడు. ఇది ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గేస్తోంది. మిగతా ముగ్గురూ ఎదురు చెబుతారు. లచ్చయ్య చెప్పడు.

పిల్లలను దింపి అప్పుడే తిరిగి వచ్చిన లచ్చయ్యను పిలిపించారు. మెట్ల కింద నిలబడ్డాడు. సార్ అడిగాడు. "ఏమయ్యా, ఇంజన్ బంద్ చేయమని మేడం నీకు చెప్పిందా లేదా?"

లచ్చయ్య నన్ను చూశాడు. కోపంగా కాదు. ఏదో మరిచిపోయిన మనిషికి గుర్తుచేస్తున్నట్టు చూశాడు.

"మేడం ఏం చెప్పిందో మేడంకే ఎరుక సార్. మేడంనే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన నాకు దారి ఇచ్చాడు, ఇప్పుడు అర్థమవుతోంది. కాదు, అప్పుడే అర్థమైంది. ఒక్క మాట అంటే సరిపోయేది. బ్యాటరీలు పాతవి, మేమే ఆపొద్దన్నాం అంటే సరిపోయేది. మహా అయితే నా ఉద్యోగం పోయేది. పోయేదో లేదో కూడా తెలియదు. నా కళ్లముందు మాత్రం నా పిల్లల పుస్తకాల సంచులు కనబడ్డాయి.

"చెప్పిన" అన్నాను.

రజియా ముందుకు వచ్చింది. "నా బిడ్డ పానం తీస్తున్నవు కదన్నా. నీకు పిల్లలు లేరా?" అంది. లచ్చయ్య తల దించుకున్నాడు. ఆ నలుగురు డ్రైవర్లలో ఆమె బిడ్డ కోసం ఇంజన్ ఆపింది ఆయనొక్కడే. ఆమెకు తెలియదు. అక్కడ ఆయన కాక ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లలో నేనొక్కదాన్నే, అయినా నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆయన్ను ఆ రోజే తీసేశారు. తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చి, చివరి స్టాపులో దిగే పాప బస్సులో నిద్రపోతుందని, లేపి దింపాలని కొత్త డ్రైవరుకు చెప్పమన్నాడట. వాచ్‌మన్ ఆ సంగతి నాకు చెప్పాడు. కొత్త డ్రైవరుకు చెప్పాను. అదొక్కటి చేశాను.

వారం తిరగకముందే నాలుగు బస్సులకూ కొత్త బ్యాటరీలు వచ్చాయి. ఇంజన్లు ఆగాయి. సందు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. మరుసటి ఏడాది ఒక సభలో బస్సుల పొగ ఆపించిన టీచరని నాకు శాలువా కప్పారు. రజియా రంజాన్‌కు సేమియా పాయసం తెచ్చి ఇచ్చింది. "మీరు గట్టిగ చెప్పకపోతే వాడు ఇంకా గట్లనే చేస్తుండె మేడం" అంది. తిన్నాను. ఆమె ఎదురుగానే గిన్నె ఖాళీ చేశాను. ఆ శాలువా ఆమెకు రావాలి, పాయసం ఆయనకు పోవాలి అనిపించలేదా? అనిపించింది. అయినా తిన్నాను.

తర్వాత మేం సిరిసిల్లకు మారాం. లచ్చయ్యను మళ్లీ ఒకేసారి చూశాను, రెండేళ్ల కింద, జగిత్యాల బస్టాండులో. నేను ధర్మపురి బస్సు కోసం నిలబడ్డాను. ఆయనే గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. ఇటుకల ట్రాక్టరు నడుపుతున్నాడట. ఆ రోజు నేనన్న మాట ఊరంతా పాకి, ఏ బడీ ఆయన్ను తీసుకోలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నాకు ముందే తెలుసు.

"బాగున్నరా మేడం? పిల్లలు ఏం సదువుతుండ్రు?" అన్నాడు.

చెప్పాను. మీ బిడ్డ ఎట్లా ఉందని అడిగాను.

"నడుమ ఒక్క ఏడు ఆగింది. మళ్ల పోయింది. ఇప్పుడు దవాఖానలనే చేస్తున్నది."

ఎందుకు ఆగిందో అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఇప్పుడే చెప్పెయ్, ఇప్పుడే అనుకుంటున్నాను. అంతలో ఒక బస్సు వచ్చింది, ఎక్కేశాను. అది ధర్మపురి బస్సు కాదు. తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఆయన నిజంగా నన్ను క్షమించాడా, లేక నేనేం చెబుతానో చూద్దామని వచ్చాడా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండోదైతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

పోయిన నెల సిరిసిల్లలో, నేను ఇప్పుడు పనిచేసే బడి పిల్లల తల్లిదండ్రులు కొందరు నా దగ్గరికి వచ్చారు. ఇక్కడా గేటు ముందు అదే గొడవ, అదే పొగ. "కోరుట్లల మీరే బంద్ చేయించిండ్రట కదా మేడం, ఇక్కడ గూడ మీరే ముందు నిలవడాలె" అన్నారు. సరేనన్నాను. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. అక్కడ నిలబడి డ్రైవర్లకు ఏమని చెప్పను? ఏ డ్రైవరు ముఖం చూసి చెప్పను?

నాలుగు రోజుల కింద రజియాకు ఫోన్ చేశాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని మొత్తం ఒక్కసారే చెప్పేశాను.

"నా బిడ్డ కోసం బంద్ చేసిండా ఆయన?" అంది రజియా.

"అవును."

"అంతమందిల తిట్టిన మేడం ఆయనను. ఏడేండ్లు చెప్పకపోతిరి. ఇప్పుడెందుకు చెప్తున్నరు?"

ఆమె మంచిగా అనలేదు, చెడ్డగా అనలేదు. "ఆయేషా, ఇటు రా" అని పిలవడం వినబడింది. ఫోన్ కట్ అయింది. మళ్లీ చేయలేదు. ఆమె కూడా చేయలేదు.

లచ్చయ్యకు ఇంకా క్షమాపణ చెప్పలేదు. ఆయన ఊరు తెలుసు, దారి తెలుసు. ఒక ఆదివారం కోరుట్ల దాకా పోయి తిరిగి వచ్చేశాను. ఆయన ఎదుట నిలబడే ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను, ఇప్పటికే చాలా అబద్ధాలు ఆడాను.

కానీ ఇది రాశాను. అబద్ధమాడింది నేను, ఆయన కాదు. కాగితం మీద ఆ మాట నా చేతిరాతలో ఉంది. పొద్దుటి నుంచి నాలుగుసార్లు చదువుకున్నాను, ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు.