వాయవ్యం వైపు చెట్లు

ఆర్డిస్ మోకాలి ఆపరేషన్‌కి పట్నం వెళ్ళిన రోజు కారు నడిపింది ఆమె తమ్ముడు లైల్. ఆవుల్ని నేను చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా ఉండు అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. రెండు వారాల తర్వాత అతనే తీసుకొచ్చి ఇంట్లో దింపాడు. చేతికర్రతో వంటింట్లోకి నడిచి కిటికీలోంచి చూస్తే, వాయవ్యం వైపు దూరాన పొరుగింటి కప్పు, ఆకాశం తప్ప ఏమీ లేదు.

అక్కడ ఆరు వరసల చెట్లుండేవి. ఉత్తర డకోటా మైదానంలో గాలికి అడ్డం ఏదైనా ఉందంటే అది మనిషి నాటిందే. తండ్రి గుంటలు తీస్తే అక్కాతమ్ముళ్ళు రెండు వేసవులు బకెట్లతో నీళ్ళు మోశారు. పెళ్ళి మాట తలపెట్టని ఆర్డిస్ నలభై ఏళ్ళుగా ఆ చెట్ల చాటునే ఆవుల పురుళ్ళు పోస్తోంది. తండ్రి పోయాక పొలం పంచుకుంటే చెట్లు లైల్ వైపు పడ్డాయి. వాటి గురించి కాగితం రాసుకోవాలని ఆమెకు తోచలేదు. తోడబుట్టినవాడితో కాగితమేమిటి?

"చెట్లు నా హద్దులోవే కదక్కా. విత్తే మిషను తిరగడానికి చోటు చాలట్లేదని కొట్టించేశాను," అన్నాడు లైల్.

"నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడే అనుకున్నావా?"

అతను తన బూట్ల వంక చూసుకున్నాడు. "నువ్వుంటే ఒప్పుకోవుగా."

ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. పొరుగామె క్లారిస్ మాత్రం చర్చిలో ఊరుకోలేదు. "మీ వంటింట్లోంచి ఇప్పుడు మా ఇల్లు కనబడుతోందటగా. పొద్దున్నే చెయ్యూపు, నేనూ ఊపుతా," అంది. అందరితో పాటు ఆర్డిస్ కూడా నవ్వింది.

మార్చి మొదట్లో, సరిగ్గా ఆవులు ఈనే రోజుల్లో, ధ్రువం నుంచి చలి విరుచుకుపడింది. సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద అన్నది ఆమెకు కొత్త కాదు. అంత చలిలోనూ దూడల్ని బతికించింది. ఈసారి గాలితో కలిపి ఒంటికి తగిలేది యాభై అయిదు కింద అనీ, నిమిషాల్లో చర్మం గడ్డకడుతుందనీ రేడియో చెబుతోంది. మంచు పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది. తెల్లవారేసరికి రెండు దూడలు, తల్లి నాకిన తడైనా ఆరకుండానే, కట్టెల్లా బిగుసుకుపోయాయి. మూడోదాన్ని ఈడ్చుకొచ్చి స్నానాల తొట్టిలో, గోరువెచ్చని నీళ్ళలో పెట్టింది. కొట్టంలో నాలుగు ఆవులకే చోటు. ఇంకా పంతొమ్మిది ఈనాలి.

లైల్‌కి ఫోన్ చెయ్యలేదు. మధ్యాహ్నం అతనే ట్రాక్టరు మీద వచ్చాడు. మనిషెత్తు గోధుమగడ్డి చుట్టలు తెచ్చి, చెట్లున్న చోటే ఒకదానిమీద ఒకటి గోడలా పేర్చాడు. గోడ పూర్తి కాకముందే ఆవులు ఒక్కొక్కటే దాని చాటుకి చేరాయి.

పనయ్యాక ఇంజను ఆపి దిగాడు. ఆ చలిలో ఇంజను ఆపాడంటే కాసేపు కూర్చోడానికే. కనుబొమలు మంచుతో తెల్లబడి ఉన్నాయి.

"ఇక గాలి కొట్టదులే అక్కా."

"అవును. ఆవులకి చాలు."

ఆ ప్రాంతంలో సాయానికొచ్చినవాణ్ణి, పగవాడైనా సరే, లోపలికి పిలిచి కాఫీ ఇవ్వకుండా పంపరు. లైల్ అప్పటికే చేతి తొడుగులు తీసేశాడు.

"దారి మూసుకుపోకముందే ఇంటికెళ్ళు లైల్," అని ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తొట్టిలో దూడ తల ఎత్తింది. మోకాలు వంగక, ఆర్డిస్ కాళ్ళు చాపుకుని నేలమీద కూర్చుని, తువ్వాలుతో దాని చెవులు రుద్దసాగింది. బయట చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె లేవలేదు. చివరికి ఇంజను రెండు మూడుసార్లు దగ్గి అంటుకుంది.