కుర్చీ ఎత్తు కత్తిపీట

అమ్మకి మోకాలి ఆపరేషన్ చేశాక డాక్టరుగారు ఒక్కటే గట్టిగా చెప్పారు, ఇక నేల మీద కూర్చోకూడదని. విశాఖపట్నం నుంచి చోడవరం వచ్చే దారిలో కారులో అందరం బుద్ధిగా తలలూపాం. నేల మీద కూర్చోకపోతే కత్తిపీట లేదని, కత్తిపీట లేకపోతే అమ్మకి వంటింట్లో పనే లేదని ఒక్కరికీ తట్టలేదు.

మా ఆవిడ చాకుతో చకచకా తరిగేస్తుంది. అమ్మకి చాకు చేతకాదు. పెళ్లయిన దగ్గర్నుంచి పీటని కాలితో నొక్కిపెట్టి, రెండు చేతులతో కాయని కత్తికి ఆనించి తరగడమే ఆవిడకి తెలుసు. చాకుతో రెండుసార్లు వేలు కోసుకుని మానేసింది. ఇక రోజంతా హాల్లో కుర్చీలో కూర్చునేది. అన్నం పిట్ట తిన్నట్టు తినేది. అడిగితే "అరగట్లేదురా" అనేది. రోజురోజుకీ చిక్కిపోతుంటే నాకు భయం వేసింది.

నాకు వడ్రంగం పిచ్చి ఉంది. అనకాపల్లిలో ఆఫీసు అయిపోయి బస్సు దిగగానే రంపం పట్టుకుంటాను. ఇంట్లో ఎవరూ అడగనివన్నీ చేస్తానని మా ఆవిడ వెక్కిరింపు. సరే, ఈసారి అమ్మకి పనికొచ్చేది చేద్దామనుకున్నాను. పాత కత్తిపీట నుంచి కత్తి ఊడదీసి, ఎత్తుగా ఒక టేకు బల్ల చేసి దాని మీద మరలతో బిగించాను. మూడుసార్లు పాలిష్ కూడా వేశాను. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మని బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టాను.

"బాగుంది బాబూ" అంది.

నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ నా పనిని ఎన్నడూ మెచ్చుకోలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. వడ్డాది నుంచి తెచ్చిన వంకాయలు రెండు కోసి, చేతులు నొప్పంటూ లేచిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు ఒళ్లు మండింది. "నీ కోసమే కదమ్మా సేసేను, నాకేటి పని?" అని అరిచాను. ఆ అరుపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అమ్మ వచ్చి కూర్చుని బెండకాయ అందుకుంది.

ఒక ముక్క కింద పడితే తీద్దామని వంగాను. బల్ల కింద అమ్మ కుడిపాదం నేల మీద తచ్చాడుతోంది. పైన కాయ కత్తికి ఆనినప్పుడల్లా ఆ పాదం ఏదో నొక్కబోతోంది. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు. కాలి కింద పీట కదలకుండా ఉంటేనే ఆవిడ చేతులకి ధైర్యం. అంతే సంగతి.

"మరి సెప్పొచ్చు కదమ్మా?" అన్నాను.

"అంత కట్టపడి సేసేవు. ఏటని సెప్తాను?" అంది.

కోత మిల్లుకెళ్లి బరువైన తుమ్మ చెక్క తెచ్చాను. పీట కిందే ఉండాలి, కత్తి మాత్రం పైకి రావాలి. పీటలో ఒక గుంజ దిగ్గొట్టి, కుర్చీలో కూర్చున్న అమ్మ ఒడి ఎత్తుకి దాన్ని కోసి, పైన కత్తి బిగించాను. ముందు మా ఆవిడని కూర్చోబెట్టి చూస్తే మొత్తం పక్కకి ఒరిగింది. "నా మీదేటండీ మీ ప్రయోగాలు?" అని ఆవిడ లేచి చక్కా పోయింది. ఇంకో చెక్క జోడించి, రెండు పాదాలూ పట్టేంత వెడల్పు చేశాను. పాదం జారుతుందని పాలిష్ జోలికి పోలేదు.

తర్వాతి ఆదివారం అమ్మ దాని ముందు కూర్చుని చెప్పులు విడిచింది. పాదాలు రెండూ పీట మీద ఆనించి ఒకసారి నొక్కి చూసింది.

"కత్తి వంకరగా ఎట్టేవురా" అంది. అంటూనే ఆనపకాయ అందుకుంది.

అది మొత్తం తరిగేసింది. ముక్కలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. తర్వాత తలెత్తకుండానే కోడల్ని కేకేసింది, "ఇంకేటున్నాయే? తే!"

మా ఆవిడ ఫ్రిజ్‌లో ఉన్న బీరకాయలూ దొండకాయలూ అన్నీ తెచ్చి అమ్మ ఒళ్లో పోసింది. నాకు ఏడుపొచ్చేసింది, పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మూడు కూరలు. అమ్మ మూడింటితోనూ అన్నం తింది.