పక్కన పెట్టిన ఆఖరి లైను

మొన్న మా అమ్మాయి నాకు కొత్త లాప్‌టాప్ కొనిపెట్టింది. మూత తెరిచి ఎదురుగా కూర్చుంటే చాలు, మొహం చూసి గుర్తుపట్టి, చెయ్యి కదపకముందే తెర మీద బొమ్మలన్నీ పరిచేస్తుంది. కళ్ళజోడు ఉన్నా లేకపోయినా, తలకు నూనె రాసుకుని జిడ్డు మొహంతో కూర్చున్నా దానికేమీ పట్టింపు లేదు. బాగుందే అన్నాను గానీ, తెర నల్లబడి మళ్ళీ వెలిగే ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ ఊపిరి ఆడదని మా అమ్మాయికి చెప్పలేదు.

మీలో ఆ రోజుల్లో యూనిక్స్ కంప్యూటర్ మిషన్ల మీద పని చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టగానే మిషన్ ఒక చిన్న ఫైలు తెరిచి, పై నుంచి కింది దాకా ఒక్కొక్క లైనే చదువుకుంటూ పోయేది. తెరకు రంగు వెయ్యమని ఒక లైను, మూలన గడియారం పెట్టమని ఒక లైను, చివరికి కిటికీల్లా కనిపించే ఆ చట్రాలన్నిటినీ చూసుకునే ప్రోగ్రామును లేపమని ఒక లైను. నేను ఉద్యోగం చేసిన, మిషిగన్ రాష్ట్రం నోవైలోని ఆఫీసులో కారు తలుపుల గొళ్ళేలు డిజైన్ చేసే ఇంజనీర్లు నలభై మంది ఉండేవారు. వాళ్ళలో ఒకాయనకు మౌస్ ఎటు వెళితే అటు గుడ్లు తిప్పే రెండు కళ్ళ బొమ్మ లేనిదే పని సాగేది కాదు. అవన్నీ ఆ ఫైలు పుణ్యమే.

ఆ మిషన్ల బాగోగులు చూసేది ఇద్దరం. ఒకరు నేను, చేరి ఏడాదిన్నర. రెండోవారు కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన. నాకు వరసకు ఏమీ కారు, కానీ మొదటివారమే నేను అన్నయ్యగారూ అనేశాను, ఆయన నన్ను అమ్మా అనేవారు. నా తొలి మిషిగన్ చలికాలంలో మంచు మీద కారుకు బ్రేక్ ఎలా వెయ్యాలో నేర్పింది కూడా ఆయనే. మేమిద్దరమే ఉన్నప్పుడు పని మాటలు కూడా తెలుగులోనే సాగేవి. ఏదైనా లైను చివర అండ్ గుర్తు (&) పెడితే మిషన్ ఆ ప్రోగ్రామును ఒక పక్కన నడవనిచ్చి, అది ముగిసేదాకా ఆగకుండా తరువాతి లైనుకు వెళ్ళిపోతుంది. దానికి మేము వాడుకున్న మాట 'పక్కన పెట్టడం'. గడియారాన్ని పక్కన పెట్టావా అంటే, అండ్ గుర్తు పెట్టావా అని అర్థం. ఆ ఆఫీసులో ఆ అర్థం తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, అందరికీ తెర మీద సమావేశాల పట్టిక కనిపించేలా చెయ్యమని మా మేనేజరు నాకు పురమాయించాడు. అంటే అందరి మిషన్లూ చదివే ఫైలునే మార్చాలి. అన్నయ్యగారు అప్పటికే పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికి బయలుదేరారు. ఫైల్లో ఎక్కడ మార్చాలని ఫోన్ చేసి అడిగాను. "ఆఖరి లైన్ పక్కకు పెట్టమ్మా, దాని పైనదంతా నీ ఇష్టం" అన్నారు. ఆ లైను జోలికి పోవద్దని ఆయన భావం. నేను మా ఇద్దరి పని భాషలో అర్థం చేసుకుని, పట్టిక లైను పైన చేర్చి, ఆఖరి లైను చివర అండ్ గుర్తు పెట్టి, ఫైలు సేవ్ చేసి ఇంటికి వెళ్ళిపోయాను. ఒక్కసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయి చూసుకుని ఉంటే అక్కడే తేలిపోయేది. చూసుకోలేదు.

ఆ ఫైల్లో ఆఖరి లైనుకు మిగతావాటికి లేని బాధ్యత ఒకటి ఉంది. అది నడుస్తున్నంతసేపే మనిషి లోపల ఉన్నట్టు. దాన్ని కూడా పక్కన పెట్టేస్తే, మిషన్ దానికోసం ఆగక, చదవడానికి ఇంకేమీ లేదు గనక పని ముగిసిందనుకుని, ఇంట్లోని ఆఖరి మనిషి కూడా వెళ్ళిపోయాక తాళం వేసినట్టు, తెరను మూసేసి మళ్ళీ లాగిన్ దగ్గరికి తెచ్చి నిలబెడుతుంది. లోపల ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకే తలుపు తెరుచుకోదు. శని, ఆదివారాల్లో మిషన్లన్నీ ఆపి మళ్ళీ వెయ్యడం మా ఆఫీసు పద్ధతి.

సోమవారం పొద్దున మంచు కురుస్తోంది. నలభై మంది పాస్‌వర్డ్ కొట్టడం, తెర ఒక్కసారి నల్లగా మినుకుమనడం, మళ్ళీ పాస్‌వర్డ్ అడగడం. తప్పు పాస్‌వర్డ్ అని కూడా అనదు, లోపలికి తీసుకుని మారుమాట లేకుండా బయటికి పంపేస్తుంది. ఆ రోజే డ్రాయింగులు చూడడానికి కొనుగోలుదారుల తరఫువాళ్ళు వచ్చి కాన్ఫరెన్స్ రూములో కూర్చున్నారు. ఎక్కడ చూడాలో కూడా నాకు తోచలేదు. మంచులో ఇరుక్కుని గంట ఆలస్యంగా వచ్చిన అన్నయ్యగారు కోటు కూడా విప్పకుండా కూర్చుని, బొమ్మలేవీ లేని నల్లతెర మీద లాగిన్ అయి ఆ ఫైలు తెరిచారు. ఆఖరి లైను చూశారు. తరువాత నావైపు చూశారు. ఆ గుర్తు ఒక్కటీ చెరిపేశారు.

మేనేజరు వెనకే నిలబడి, ఇది ఎవరు చేశారని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లోనే ఉంది. కానీ మా ఆయన ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఆయన ఈ దేశంలో ఉండడం నా వీసా మీదే ఆధారపడింది, మా గ్రీన్ కార్డ్ కాగితాలు అప్పుడే కంపెనీ లాయరు చేతికి వెళ్ళాయి. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో నా కళ్ళముందు తిరిగాయి. నేను గొంతు సవరించుకునేలోపే అన్నయ్యగారు కుర్చీ వెనక్కి తిప్పి, "మై మిస్టేక్. ఐ చేంజ్డ్ ఇట్" అన్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, నాకు ఆ క్షణంలో సిగ్గు కన్నా ముందు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

వసంతకాలం రాగానే కంపెనీ మనుషుల్ని తగ్గించింది. మా ఇద్దరిలో ఒకరు చాలన్నారు. పని నేర్పినాయన వెళ్ళారు, నేర్చుకున్నదాన్ని నేను మిగిలాను. ఆ సోమవారం వల్లే అని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. ఆయనకు టెక్సస్‌లో వేరే పని దొరికింది గానీ, గ్రీన్ కార్డ్ కాగితాలు మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలయ్యాయి. అవి చేతికి వచ్చేలోపు వాళ్ళ పెద్దమ్మాయికి ఇరవై ఒకటి నిండిపోయి, తల్లిదండ్రులతో కలిపి కార్డు ఇవ్వరాదన్నారట. ఈ దేశంలో పెరిగిన ఆ పిల్ల స్టూడెంట్ వీసా తీసుకుని, దాని వెనక ఇంకో వీసా తీసుకుని, ఏళ్ళ తరబడి వరసలో నిలబడింది. ఇదంతా ఎవరో చెప్పగా విని ఆ రోజు నేను అన్నం తినలేదు. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

కిందటి ఏడాది టెక్సస్‌లోని కాపెల్‌లో ఒక గృహప్రవేశంలో ఆయన కనిపించారు. జుట్టంతా తెల్లబడింది, మనిషి అలాగే ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా కూడబెట్టుకున్న ధైర్యమంతా తీసి, భోజనాల దగ్గర పక్కన కూర్చుని, ఆ అండ్ గుర్తు పెట్టింది నేనేనని, ఆ రోజు నోరు విప్పాల్సింది నేనని చెప్పేశాను.

ఆయన నవ్వారు. "అరె, అది నేన్ చేసింది కదమ్మా! ఒక్క గుర్తుతోని ఆఫీసంత బంద్ పెట్టిన అని మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిన్నో" అన్నారు. వాళ్ళావిడ కూడా, అవును, ఆ కథ మాకు కంఠతా వచ్చు అన్నారు. నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను. "పక్కకు పెట్టమని చెప్పింది నేనే కదా, నువ్వేం చేసినవ్" అంటూ నా ఆకులో ఇంకో గారె వేయించారు. నిజంగా మరిచిపోయారో, నా కోసం మరిచిపోయారో ఆయన మొహం చూస్తే తెలియలేదు. క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, తప్పు నాదని ఒప్పించలేక తిరిగివచ్చాను. ఆ ప్రయాణమంతా నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఆఫీసుల్లో ఎవరు ఏ లైను మార్చారో, ఏ పూట మార్చారో దాని పక్కనే పేరు పడుతుందట. ఒకరి తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకుందామన్నా వీలుపడదట. మంచిదే. ఆ ఏర్పాటు అప్పుడే ఉండి ఉంటే నా ఉద్యోగం పోయేదేమో, మా సంసారం ఏమయ్యేదో. కానీ ఆ పిల్ల వరసలో నిలబడేది కాదేమోనన్న మాట నన్ను వదలదు. మా ఫైల్లో ఎవరి పేరూ ఉండేది కాదు. ఆయన నోటి మాటే మిగిలింది, ఆ మాటే వాళ్ళింట్లో నిజమైపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆఖరి లైను మార్చింది ఆయన కాదు, నేను.