ముడి దగ్గర తెగిన తాడు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు చిక్కబళ్లాపురంలో, ఒక ఇంజనీరింగు కాలేజీ మెటీరియల్స్ ల్యాబుకు సూపరింటెండెంటుగా పనిచేశాను. వస్తువును తెగేదాకా లాగి, ఎంత బరువు దగ్గర తెగిందో చెప్పే యూటీఎం యంత్రం నా చేతికింద ఉండేది. విద్యార్థులకు ఇనుప కడ్డీలు లాగి చూపించడం, బయటివాళ్లు తెచ్చినవి పరీక్షించి రిపోర్టు ఇవ్వడం నా పని.

మొదటి ఎండాకాలమే చింతామణి నుంచి వెంకటేశశెట్టి వచ్చాడు. బోరు మోటార్లు దించే నైలాన్ తాళ్లు అమ్మే అంగడి ఆయనది. బాగేపల్లి పక్క పల్లెలో నారాయణమ్మ అనే రైతు మోటారును పైకి లాగిస్తుంటే తాడు తెగి, మోటారు బోరులో పడిపోయింది. ఎక్కడా తగల్లేదు, ఊరికే తెగిందని ఆమె. రాతికి ఒరిపించి ఉంటారని ఈయన. అక్కడ టమాటా తోట ఎండిపోతోంది. "నలభై ఏండ్ల అంగడి సార్, నా పేరు పోతాండాది" అన్నాడు.

ఆమెకు కోసిచ్చిన కట్టలోంచే శెట్టి తెచ్చిన తాడును యంత్రంలోని రెండు డ్రమ్ములకు చుట్టి లాగాను. యంత్రం పట్టిన చోట తెగితే ఆ పరీక్ష చెల్లదని మా నియమం, నడిమిన తెగాలి. నడిమినే తెగింది, అదీ కట్టకున్న కంపెనీ చీటీ మీద రాసిన బరువును దాటాక. బాగుందని రాసి సంతకం పెట్టాను. శెట్టి ఆ రిపోర్టును అంగడి గోడకు అంటించాడు.

వారం తిరక్కుండా నారాయణమ్మ తెగిన ముక్కను సంచిలో వేసుకుని, బస్సెక్కి ల్యాబుకే వచ్చేసింది. అమ్మో, ఏం గొంతు! "మీ కాయితం చూసి ఊరంతా నన్ను అబద్దాలదంటాండారు. ఇది యాడ తెగిండాదో ఒగసారన్నా చూసినారా సార్?"

చూశాను. ముడి పక్కనే తెగింది. నేను లాగిన తాడుకు అసలు ముడే లేదు. శెట్టికి ఫోను చేసి పిలిపించి, ఇద్దరి ఎదుటా ముడి వేసిన తాడును లాగాను. మొదటి బరువులో సగం దాటిందో లేదో, ఫట్‌మని తెగింది. ముడిలో తాడు వంపు తిరిగిన చోట భారమంతా కొన్ని పోగుల మీదే పడుతుంది.

"ఆ ముడి ఏసిచ్చింది నేనే గదమ్మా" అన్నాడు శెట్టి. తాడు కొన్నవాళ్లందరికీ కొసన మోటారుకు తగిలించే ఉచ్చు ముడి తానే వేసివ్వడం ఆ పెద్దమనిషికి మహా సరదా. ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడు చూడండి, అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ ఇష్టం. బోరులోకి గాలాలు వేయించి మోటారు తీయించే పూచీ తనదన్నాడు. "ముందు నీళ్లు రానీ శెట్టప్పా, ఆమీద మాట్లాడుకుందాం" అంది నారాయణమ్మ, గొంతు తగ్గించి.

నాలుగో రోజుకు మోటారు పైకొచ్చింది. తోట సగం దక్కింది. నేను పాత రిపోర్టు వెనక్కి తీసుకుని, ముడితో ఎంత, ముడి లేకుండా ఎంత, రెండూ రాసిచ్చాను. మొదటి కాగితంలో ఒక్క అంకె తప్పు లేదు. అయినా దానివల్ల నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరైంది. వస్తువును జనం వాడే తీరులోనే పరీక్షించాలని నాకు నేర్పింది ఆ కాగితమే.