టీలో పులుపు చూసే డాక్టరుగారు

తడిగా కనిపించిన ప్రతిదానిలోనూ కాగితం ముక్క ముంచితే గానీ, అందరూ 'పులుపు డాక్టరు' అని పిలిచే ఆయనకి ఏమీ తోచదు. పులుపు తగిలితే రంగు మారే పరీక్ష కాగితమది. అందరూ జేబులో కలం పెట్టుకుంటే, ఆయన ఆ కాగితాల కట్ట పెట్టుకునేవారు. కుళాయి నీళ్ళు, చేతులు కడిగే సబ్బు, మంగలి రాసే నురగ, దేన్నీ వదల్లేదు మహానుభావుడు.

ఒకసారి భార్య పెట్టిన సూపులోనూ ముంచారట.

"దేవుడు మీకు నాలిక ఎందుకిచ్చాడండీ?"

"నాలిక మొహమాటపడుతుందే. కాగితానికి ఆ బాధ లేదు."

ఆ పూట ఆవిడ ఆయనకి కాగితాలే వడ్డించిందని చెప్పుకునేవారు.

ఫ్లూ వైరస్ మీద పనిచేసే ల్యాబుకి ఆయన పెద్ద. టీ గదిలో అడుగుపెడితే చాలు, అందరూ కప్పుల మీద అరచేతులు కప్పేసేవాళ్ళు.

"సార్, ఇది తాగేదండీ!" అని పరిశోధన చేసే అమ్మాయి లబోదిబోమనేది.

"తాగమ్మా, ఎవరొద్దన్నారు?" అంటూ ముంచేసి, కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఇంతకీ పనెలా ఉంది?" అనేవారు.

"బాగానే ఉంది సార్."

బాగూ లేదు, పాడూ లేదు. ఆమె పెంచుతున్న వైరస్ కాస్తా కణాల్లో పెరగడం మానేసింది. ఎన్నిసార్లు వేసినా కణాలు హాయిగా బతికే ఉన్నాయి. పై వారమే పెద్దల సమీక్ష. ఈలోగా వైరస్ పెరగకపోతే సీటు గోవిందా. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది, సిగ్గు కాదూ!

ఆ రోజు డాక్టరుగారు ఆమె టీలో కాగితం ముంచి, "కాగితాలింకా మిగిలాయి. పద, నీ బల్ల దగ్గర కూడా ముంచుదాం" అన్నారు.

ఖర్మరా బాబూ అనుకుంటూ వెంట నడిచింది. వైరస్ గొట్టంలోంచి ఒక చుక్క కాగితం మీద వేయగానే రంగు మారింది. ఒకటే పులుపు!

"వీటిని ఎందులో తెచ్చావమ్మా?"

"ఈ గదికి మారినప్పుడు డ్రై ఐస్ పెట్టెలో తెచ్చాను సార్."

"మూతలు బిగించావా?"

ఆమె నాలిక కరుచుకుంది. చలికి గొట్టాలు పగులుతాయేమోనని మూతలు వదులుగా పెట్టింది. డ్రై ఐస్ నుంచి వచ్చే సోడా గ్యాసు లోపలికి దూరి పులుపెక్కించింది.

"కణం వైరస్‌ని సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో పులుపు తగిలాకే వైరస్ మీదుండే కొక్కెం విచ్చుకుని సంచి గోడకి అతుక్కోవాలి. నీది గొట్టంలోనే విచ్చుకుంది. ఇక ముడుచుకోదు."

"తెలుసు సార్. నా పరిశోధనే అది!" అంది ఏడుపుగొంతుతో.

ఆయన పకపకా నవ్వారు. ఏడవబోయిన పిల్ల తనూ నవ్వేసింది.

అదృష్టం కొద్దీ పాత గది ఫ్రీజరులోనే మర్చిపోయిన గొట్టం ఒకటి దొరికింది. అది వేస్తే వైరస్ కణాల్లో విరగబడి పెరిగింది. సమీక్షలో "మొదట్లో ఎందుకు పెరగలేదు?" అని పెద్దలు అడిగేసరికి డాక్టరుగారే అందుకున్నారు.

"మూతలు బిగించమని చెప్పాల్సింది నేను. మర్చిపోయాను."

సీటు నిలిచింది. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ ఆమె టీలో కాగితం ముంచుతుంటే ఆమెకి అనుమానమొచ్చింది.

"సార్, టీ రంగే కాగితానికి పట్టేస్తుంది కదా. పులుపెంతో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఊరికే వచ్చి పలకరిస్తే తనిఖీకొచ్చానని బిగుసుకుపోతారు. కాగితంతో వస్తే, పిచ్చాడొచ్చాడని తేలిగ్గా ఉంటారు. నోరు చెప్పకపోయినా, కప్పు పట్టుకున్న చెయ్యి వణికితే తెలిసిపోతుందమ్మా."

ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆయన కంగారుపడిపోయారు.

"ఎవరితోనూ అనకేం! పిచ్చాడన్న పరువు కాస్తా పోతుంది."