ఇన్‌ఛార్జమ్మ కూర్చోని కుర్చీ

ఫార్మకాలజీ విభాగానికి నాలుగేళ్ళుగా హెడ్ లేరు. గది ఉంది, బల్ల ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, కూర్చునే మనిషే లేరు. ఆ పనంతా నెత్తినేసుకున్న ఆవిడ మాత్రం బల్లకు ఇటువైపు, వచ్చిపోయేవాళ్ళ కోసం వేసిన చేతుల్లేని కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేది.

"ఆ కుర్చీ హెడ్‌ది. నేను ఇన్‌ఛార్జిని. కాపలా ఉన్నవాళ్ళు యజమాని మంచమెక్కి పడుకోరు కదా," అనేది ఎవరైనా అడిగితే. దాంతో అందరూ ఆవిడకి ఇన్‌ఛార్జమ్మ అని పేరు పెట్టేశారు. స్టోర్‌కీపర్ రోజూ పొద్దున్నే ఆ ఖాళీ కుర్చీని తుడిచి, దాని ముందు గ్లాసుతో మంచినీళ్ళు కూడా పెట్టేవాడు. ఆ నీళ్ళు సాయంత్రం కిటికీలోని మొక్కకు పోసేవాడు. నాలుగేళ్ళలో హెడ్ రాలేదు గానీ మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

పాత హెడ్ రిటైరవుతూ, "రెండు వారాలు చూసుకోమ్మా, కొత్తాయన వచ్చేస్తాడు," అని తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. యూనివర్సిటీలో రెండు వారాలంటే ఎంతో అక్కడ పనిచేసినవాళ్ళకే తెలుసు. మొదటి ప్రకటనకు ఎవరూ రాలేదు. రెండోసారి ఒకాయన ఎంపికై, మిఠాయి పంచుకున్నాక, ఇంకోచోట చేరాడు.

ఆవిడే ఎందుకు దరఖాస్తు పెట్టుకోలేదంటారా? ఆవిడకి వచ్చిన విద్య ఒక్కటే, ఇష్టమైన పనీ అదే. బుధవారం పది గంటల ప్రాక్టికల్ క్లాసు. గాజు గొట్టంలో గోరువెచ్చని ఉప్పునీళ్ళు, అందులో ఇంకా ప్రాణమున్న వేలెడంత కోడి పేగుముక్క, కింద నుంచి గాలిబుడగలు. పైనుంచి ఒక్క చుక్క మందు వేస్తే ఆ ముక్క ముడుచుకుంటుంది, దానికి కట్టిన ముల్లు కాగితం మీద కొండలా పైకి గీత గీస్తుంది. అది మొదటిసారి చూసిన పిల్లలు "ఆఁ" అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ "ఆఁ" కోసమే ఆవిడ ఉద్యోగం చేసింది. ఇన్‌ఛార్జి అయ్యాక బుధవారాలన్నీ మీటింగులు మింగేశాయి. క్లాసు జూనియర్ల చేతికి పోయింది.

"నువ్వు అక్కడ ఇన్‌ఛార్జివి, నేను ఇక్కడ వంటకి ఇన్‌ఛార్జిని. మనిద్దరికీ ఎప్పుడు విముక్తో," అనేవాడు భర్త, కూరలు తరుగుతూ.

మూడో ప్రకటన వేసినప్పుడు డీన్ పిలిచి చెప్పాడు. "ఈసారీ ఎవరూ చేరకపోతే ఆ పోస్టు తీసేస్తారమ్మా. మీరు రిటైరయ్యేదాకా మీరే చూసుకోవాలి. ఎంతలే, ఇంకో ఆరేళ్ళేగా."

ఆరేళ్ళేగా! అంటే ఇంకో మూడొందల పైచిలుకు బుధవారాలని ఆవిడ లెక్కేసుకుంది.

ముగ్గుర్ని పిలిస్తే వస్తానన్నది ఒక్కరే. ఆయనకి మరోచోట కూడా పిలుపు ఉందనీ, రెండూ చూసుకుని తేల్చుకుంటాడనీ తెలిసింది. ఇక చూడాలి మనవాళ్ళ హడావుడి. వరండాకు సున్నం కొట్టారు. ల్యాబులో పైకప్పు కారి మరక కట్టిన చోట పెద్ద గుండె బొమ్మ అతికించారు. నమూనాలను గిర్రున తిప్పి వేరుచేసే యంత్రం, సెంట్రిఫ్యూజ్, ఉన్నది మహా పాతది, తిప్పితే బల్ల మీద నడుచుకుంటూ పోతుంది. స్టోర్‌కీపర్ దాన్ని బీరువాలో దాచి, పక్క బయోకెమిస్ట్రీ నుంచి కొత్తది అరువు తెచ్చిపెట్టాడు.

"అరువు సొమ్ము బరువు చేటయ్యా," అంది ఆవిడ.

"ఒక్క పూటే మేడమ్. మనదని చెప్పొద్దు, కాదనీ చెప్పొద్దు."

వచ్చినాయన పెద్దగా మాట్లాడే రకం కాదు. బుధవారం పదిన్నరకి ఆవిడ ఆయన్ని ల్యాబులోకి తీసుకొచ్చేసరికి జూనియర్ చెప్తున్న క్లాసు జరుగుతోంది. ఆయన నేరుగా కొత్త సెంట్రిఫ్యూజ్ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. దాని పక్కభాగాన తెల్లరంగుతో వేలెడంత అక్షరాల్లో 'బయోకెమిస్ట్రీ, 14' అని రాసి ఉంది. సామాను పోకుండా ప్రతి విభాగమూ అలా రాస్తుందని స్టోర్‌కీపర్‌కి తెలియదా? తన విభాగం సామాను మీద అలా రాసేది అతనే. రాసీ రాసీ అది కంటికి ఆనడం మానేసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

ఆవిడ నోరు తెరిచేలోగా వెనక బల్ల దగ్గరనుంచి ఒకమ్మాయి పిలిచింది. "మేడమ్, మందు మూడుసార్లు వేశాం. గీత లేవట్లేదు. ముక్క చచ్చిపోయిందేమో."

"చుక్కలు పెంచుదామా మేడమ్?" అన్నాడు పక్క కుర్రాడు.

"ఆగు. మందుకీ విషానికీ తేడా చుక్కలే బాబూ. పనిచెయ్యలేదని పోసుకుంటూ పోతే వైద్యం కాదు." ఆవిడ గొట్టానికి చెయ్యి ఆనించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. హీటరు తీగ పట్టుకుని బల్లల కింద వంగి వంగి వెళ్ళింది. ప్లగ్గు పీకేసి ఉంది, ఆ చోట సెంట్రిఫ్యూజ్ ప్లగ్గు ఉంది.

అతిథి ఉన్నాడని కూడా చూడకుండా దాన్ని పీకిపారేసి, హీటరు పెట్టింది. "ఇది మనది కాదు, పక్కవాళ్ళది. ఆ బొమ్మ వెనక కప్పు కారుతుంది. పైన పటారం, లోన లొటారం. ఇవన్నీ తర్వాత. ముందు నీళ్ళు వేడెక్కనివ్వండి," అంది. అది పిల్లలకి చెప్పిందో ఆయనకి చెప్పిందో ఆవిడకే తెలియదు.

నీళ్ళు వేడెక్కాయి, మందు కలిసినవి పారబోసి కొత్తవి పోశారు, ముక్క కాసేపటికి కుదుటపడింది. ఒక్క చుక్క. ముల్లు లేచింది. "ఆఁ" అన్నారు పిల్లలు. ఆవిడ నవ్వుతూ వెనక్కి తిరిగితే ఆయన లేడు.

"బండి టైమయిందని వెళ్ళిపోయారు మేడమ్. మిమ్మల్ని పిలవొద్దన్నారు," అన్నాడు స్టోర్‌కీపర్, తల దించుకుని.

అయిపోయింది, నా చేతులారా నేనే చెడగొట్టుకున్నాను అనుకుంది. ఇంటికెళ్ళి భర్తతో, "ఇంకో ఆరేళ్ళు మీరే వండాలి," అంది. ఆయన లేచి గిన్నెలు కడిగాడు.

పన్నెండో రోజున డీన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆయన చేరుతున్నాడు. నమ్మకం చాలక ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కుంది.

ఆయన చేరింది కూడా ఒక బుధవారమే. ఆవిడ తాళాలు, స్టాంపు, ఫైళ్ళు అప్పగించింది. నాలుగేళ్ళ తర్వాత ఆ కుర్చీలో మనిషి కూర్చున్నాడు, నాలుగేళ్ళ తర్వాత ఆ గ్లాసులో నీళ్ళు ఒకరు తాగారు. ఆవిడ అలవాటుగా ఎదుటి కుర్చీలో కూర్చుని ఉండబట్టలేక అడిగింది.

"సార్, రెండో చోటు మాకంటే బాగుంటుందని విన్నాను. ఇక్కడికెందుకు వచ్చారు?"

"బాగానే ఉంది. ముగ్గురు ప్రొఫెసర్లు రోజంతా నా వెంటే తిరిగారు. పిల్లలెక్కడున్నారని అడిగితే, ఈ రోజు క్లాసులు రద్దు చేశాం, మీరొస్తున్నారు కదా అన్నారు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఇక్కడ మీరు నన్ను మర్చిపోయారు."

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. కొత్త టైంటేబుల్. బుధవారం పది గంటల గడిలో జూనియర్ పేరు కొట్టేసి, ఆవిడ పేరు ఆయన చేత్తోనే రాసి ఉంది.

"అయితే మీరింకా ఇక్కడే కూర్చున్నారేంటి మేడమ్? పదీ అయిదయింది."

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఆ వరండాలో పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. థాంక్స్ చెప్పడం మర్చిపోయానని ల్యాబు గుమ్మం దగ్గర గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామా అనుకుని, వెళ్తే ఆయనే తిడతాడని లోపలికి నడిచింది. ఆ మనిషి నూరేళ్ళు చల్లగా ఉండాలి అనుకుంటూ, ముందుగా గొట్టం మీద చెయ్యి ఆనించి చూసింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.