పడుగులా పరిచిన తీగలు

పొద్దున్నే స్నానం చేసి, మార్కండేయస్వామి పటానికి దండం పెట్టుకున్నాక కొమురయ్య చేసే మొదటి పని తీగలు సాపు చేయడం. రాగితీగను కాలి బొటనవేలికి తగిలించి, రెండు వేళ్ల నడుమ లాగి, పడుగుపోగులా వంకర లేకుండా చేసేవాడు.

సోలాపూర్‌లో సాంచాలనే మరమగ్గాల రొద అతని చెవుల్లోంచి సన్నని శబ్దాలన్నిటినీ తినేసింది. మాట వినపడేది, పిచ్చుక కూత వినపడేది కాదు. మిగిలిన వినికిడైనా దక్కాలని నేత మానుకుని, పాత రేడియో సామాను పోగేసి, భజనమండలికి ఆంప్లిఫయర్ పెట్టె కట్టాడు. లోపల తీగలన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి పొడుగ్గా, పక్కపక్కనే, ముచ్చటగా పరిచాడు. భార్య చంద్రభాగ విని "మంచిగుంది" అన్నది.

శ్రావణ సోమవారం భజనలో హార్మోనియం ఎత్తుకోగానే పెట్టె సూదితో పొడిచినట్టు కీచుమంది. జనం చేతులెత్తి చెవులు మూసుకున్నారు. భక్తితో చేతులెత్తారనుకుని కొమురయ్య ఒక్కడే దండం పెడుతూ నవ్వాడు.

పక్కింట్లో బీడీలు చుట్టే పార్వతీబాయి నోటికి ఎవరూ మినహాయింపు కాదు. అతని ఎదుటికొచ్చి నిలబడింది.

"ఏందిరా కొమురిగా, దేవుని ముంగట పందిని కోస్తున్నవా?"

అందరూ పగలబడి నవ్వారు. కుర్రకారు అతని ముందు ఉత్తినే పెదవులాడించి, ఏమన్నామో చెప్పమని నిలదీశారు. అతడు అవునవునని తలూపాడు. మండలి పెద్ద, సాంచాల యజమాని దశరథ్ సేఠ్ వైరు పీకించాడు. రథోత్సవం నాటికి పెట్టె సరిగ్గా పలక్కపోతే దాన్ని పాత ఇనుముకేసి, మళ్లీ సాంచా మీదికి రమ్మన్నాడు. ఆ గోలలోనే ఒక ముసలమ్మ అతని దోసిట్లో ప్రసాదం పెట్టి వెళ్లిపోయింది.

బజారులో రేడియోలు బాగుచేసే మురళీధర్ మూత తీసి చూశాడు. పొడుగు తీగ చుట్టకపోయినా కాయిల్ చుట్టలాగే పనిచేస్తుందన్నాడు. పెద్ద శబ్దం పోయే తీగ పక్కనే చిన్న శబ్దం వచ్చే తీగ సాగితే, పెద్దదాని శబ్దం చిన్నదానిలోకి దూకి పెట్టె తనంతట తానే అరుస్తుందట. పొట్టిగా కత్తిరించి, ఎడమెడంగా అతికి, ఒక్కో తీగా జరుపుతూ వినాలట.

"చెవిటోనికి గాదు కాకా ఈ పని" అని మూత మూసి చేతిలో పెట్టాడు.

కొమురయ్య కత్తిరించాడు. మగ్గం మీది పడుగు కోసినంత బాధైంది. ఒక తీగ జరిపి, పెట్టె పలికించి చంద్రభాగ ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వి "కీచు పోయింది" అన్నది. గడపలో పడుకున్న కుక్క మాత్రం చెవులు వెనక్కి వాల్చి, లేచి పారిపోయింది.

ముందు చెప్పిన "మంచిగుంది" కూడా ఇటువంటిదేనని అప్పుడర్థమైంది. మొగుడి మనసు నొప్పించలేని ఇల్లాలిని ఇచ్చిన దేవుణ్ణి ఏమని తప్పుపడతాడు?

లేచి వెళ్లి పార్వతీబాయి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, జర మా ఇంట్ల వచ్చి కూసో. పెట్టె కూసినప్పుడల్లా నన్ను తిట్టు. నా మొకం జూసి ఆపకు."